ప్రత్యర్థికి పెద్దపీట: ఉదయనుడి న్యాయకుసుమాంజలి

దేవుడున్నాడని రుజువు చేయడానికి పూనుకున్న పుస్తకం, ఆ పని అక్కర్లేదంటూ మొదలవుతుంది. ఉపనిషత్తులు చదివినవాళ్లు శుద్ధచైతన్యమని కొలిచేది ఆయననే. కపిలుడి శిష్యులు ఆదివిద్వాంసుడైన సిద్ధుడంటారు. శైవులు శివుడంటారు, వైష్ణవులు పురుషోత్తముడంటారు, పౌరాణికులు పితామహుడంటారు, యాజ్ఞికులు యజ్ఞపురుషుడంటారు. బౌద్ధులకు ఆయన సర్వజ్ఞుడు, దిగంబరులకు ఏ ఆవరణా లేనివాడు, మీమాంసకులకు ఉపాసించమని వేదం చెప్పినవాడు. చార్వాకులకు సైతం లోకవ్యవహారంలో సిద్ధించిన ఎవరో ఒకరున్నారు. ఆఖరికి చేతిపనివాళ్లు విశ్వకర్మ అని దండం పెట్టుకుంటారు. ఇంతమందికి తెలిసినవాడి గురించి సందేహమెక్కడిది, విచారించడానికి ఏముంది అని అడుగుతాడు ఉదయనుడు.

అడిగి, వెంటనే తానే జవాబు చెబుతాడు. విన్నదాన్ని మననం చేయాలని శాస్త్రం చెబుతోంది. ఈ తర్కచర్చకు మననమని పేరు. కాబట్టి ఇది ఉపాసనే, పూజలాగే చేస్తున్నాను అంటాడు. ఆ తర్వాత పూజ ఛాయ కూడా కనిపించని పదునైన వాదం మొదలవుతుంది.

పై జాబితాలో ఎవరెవరున్నారో మళ్లీ చూడండి. బౌద్ధుడు, మీమాంసకుడు, చార్వాకుడు. ఈ పుస్తకం పొడుగునా ఉదయనుడు తలపడేది వీళ్లతోనే. అయినా గుమ్మంలోనే వాళ్లను భక్తుల వరసలో కూర్చోబెట్టాడు. మొదట చదివినప్పుడు ఇది వాదనకు ముందే ఎదుటివాణ్ణి కలుపుకునే యుక్తిలా తోస్తుంది. చివరి శ్లోకాలకు వచ్చాక తెలుస్తుంది, ఆయన ఆ మాట నిజంగానే అన్నాడని. న్యాయకుసుమాంజలిలో నేను మెచ్చుకునే పనితనమంతా అక్కడే ఉంది. ఈ గ్రంథం ప్రత్యర్థుల అభ్యంతరాలతోనే కట్టింది. వాటిని తీసేస్తే ఇందులో పేజీలు మిగలవు.

ఉదయనుడు మిథిలవాడు. నేటి బిహార్‌లో సమస్తిపూర్ జిల్లా కరియన్ ఆయన ఊరని అక్కడి నమ్మకం. ఆయనదే లక్షణావళి అనే చిన్న గ్రంథం చివర శకవర్షం 906 అని ఉంది, అంటే క్రీ.శ. 984. ఆ 906ను 976గా చదవాలన్న పండితులూ ఉన్నారు. ఎలా చూసినా, విక్రమశిలలో బౌద్ధ తార్కికులు ఇంకా బలంగా ఉన్న కాలమది. ఆత్మ లేదన్న బౌద్ధ వాదాన్ని ఖండిస్తూ ఆత్మతత్త్వవివేకం, వైశేషికానికి కిరణావళి, న్యాయానికి తాత్పర్యపరిశుద్ధి రాసినవాడు ఆయనే. పూరీ జగన్నాథుడి గుడి తలుపులు మూసి ఉంటే ఆయన అలిగి, ఐశ్వర్యమదంతో నన్ను కాదంటున్నావు గానీ బౌద్ధులు వచ్చి పడ్డప్పుడు నీ ఉనికి నా చేతిలోనే ఉంది సుమా అని దేవుడితో అన్నాడని ఒక కథ. చరిత్రకు అందే కథ కాదు. కానీ ఆయన ఎలాంటివాడని తర్వాతి తరాలు అనుకున్నాయో ఆ కథ చెబుతుంది.

గ్రంథం చిన్నది. 70కి పైగా కారికలు, వాటి మధ్య ఆయనే రాసుకున్న గద్యం. అధ్యాయాలకు స్తబకాలని పేరు, అంటే పూలగుత్తులు. ఐదు గుత్తులకూ ఐదు అభ్యంతరాలు. పరలోకానికి సాధనమైన కంటికి కనిపించని కారణమేదీ లేదన్నది మొదటిది. ఉన్నా, దేవుడితో పనిలేకుండానే దాన్ని ఆచరించవచ్చన్నది రెండోది. దేవుడు లేడనడానికి రుజువులున్నాయన్నది మూడోది. ఉన్నా ఆయన మాట ప్రమాణం కాదన్నది నాలుగోది. ఆయన ఉన్నాడనడానికి రుజువే లేదన్నది ఐదోది.

ఈ వరస గమనించాలి. మనమైతే రుజువులు ముందు చెప్పి, అభ్యంతరాలకు తర్వాత జవాబిస్తాం. ఉదయనుడు రుజువును ఐదో గుత్తిదాకా దాచాడు. అప్పటిదాకా నాలుగు గుత్తుల్లో నేల చదును చేస్తాడు. మొదటి గుత్తిలో ఈశ్వరుడి ప్రస్తావనే తక్కువ. అక్కడి ప్రశ్న ఒక్కటే: లోకంలో జరిగేదానికి కారణం ఉంటుందా, ఉండదా? దేవుడి మాట తర్వాత, ముందు కార్యకారణం సంగతి తేల్చుకుందాం అన్నట్టుంటుంది. నాస్తికుడూ కూర్చుని వినగల ప్రశ్న అది.

అన్నీ అకస్మాత్తుగా పుడతాయి, కారణాలు వెతకడం వృథా అన్నది చార్వాకుడి పక్షం. ఉదయనుడు దాన్ని కొట్టిపారేయడు. అకస్మాత్తు అంటే నీ ఉద్దేశం ఏమై ఉండవచ్చునని ఎదుటివాడి తరఫున తానే ఐదు అర్థాలు పేర్చి పెడతాడు. కారణం లేదనా? అసలు పుట్టుకే లేదనా? తనకు తానే కారణమనా? శూన్యం నుంచి పుట్టిందనా? స్వభావమనా? ఈ ఐదింటికీ ఒక్కటే జవాబు: పుట్టే ప్రతిదానికీ ఒక నియతమైన అవధి ఉంది. నూలు లేనిచోట బట్ట రాదు, ఉన్నచోట వస్తుంది. ఏదైనా ఎక్కడైనా పుట్టగలిగితే ఈ కట్టుబాటు ఎందుకుంటుంది? ఐదు అర్థాలూ, వాటికి జవాబూ కలిసి ఒక్క శ్లోకంలో ఇమిడాయి. ప్రత్యర్థి చెప్పని అర్థాలను కూడా ప్రత్యర్థి కోసం వెతికిపెట్టే ఈ అలవాటు పుస్తకం పొడుగునా కనిపిస్తుంది. బలహీనమైన అర్థం ఎంచుకుని దాన్నే కొట్టడం ఎంత తేలికో వాదించే ప్రతివాడికీ తెలుసు. ఆ తేలికదారి ఆయన పట్టలేదు.

ఈ గుత్తిలోనే, అదృష్టం అనే కనిపించని కారణం, అంటే చేసిన కర్మ మిగిల్చే ఫలశక్తి, ఉందనడానికి మరికొన్ని హేతువులున్నాయి. కార్యాల వైవిధ్యం ఒకటి. ఎవరి అనుభవం వారిదే కావడం ఇంకొకటి. లోకమంతా దానాలు, ఉపవాసాలు, యజ్ఞాలు చేస్తోంది, అదంతా వృథా కాదన్నది మరొకటి. ఎవడో మోసగాడు జనాన్ని నమ్మించాడంటావా, ఇతరులను మోసం చేయడానికి బతుకంతా తనను తానే కష్టపెట్టుకునే మోసగాడు ఎక్కడైనా ఉన్నాడా అని అడుగుతాడు. ఈ చివరి హేతువు నన్ను ఒప్పించదు. తాను నమ్మినదానితో తానే మోసపోయి, ఇతరులనూ అందులోకి లాగినవాళ్లు చరిత్రలో ఉన్నారు. లోకమంతా చేస్తోందన్నది ఆ పని ఫలిస్తుందనడానికి సాక్ష్యం కాదు. అయినా అదృష్టాన్ని మొదటే స్థాపించుకోవడంలో ఒక దూరాలోచన ఉంది. అది ఐదో గుత్తిలో బయటపడుతుంది.

రెండో గుత్తిలో ఎదుట ఉన్నది మీమాంసకుడు. ఇతను నాస్తికుడు కాడు, వేదాన్ని ప్రాణంగా చూసేవాడు. కానీ సృష్టికర్త అక్కర్లేదంటాడు. 7వ శతాబ్దపు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఈ పక్షాన్ని ఎంత గట్టిగా చెప్పాడంటే, దేవుణ్ణి కాదన్న వాదాల్లో దానికి సాటి తక్కువ. లోకం ఎప్పుడూ ఇలాగే ఉంది, మొదలూ లేదు తుదీ లేదు. వేదానికి కర్త లేడు, అందుకే దానికి తప్పు అంటదు. సృష్టి చేసినవాడికి శరీరం ఉందా? ఉంటే ఆ శరీరాన్ని ఎవరు చేశారు? లేకపోతే పని ఎలా చేశాడు? దయతో చేశాడా? జీవులే లేనప్పుడు దయ ఎవరి మీద? దయే కారణమైతే సుఖం ఒక్కటే సృష్టించకుండా ఇంత దుఃఖం దేనికి? వెయ్యేళ్ల తర్వాత స్కాట్లాండ్‌లో డేవిడ్ హ్యూమ్ రాసిన సంభాషణలు 1779లో, ఆయన పోయాక అచ్చయ్యాయి. వాటిలో వినిపించే ప్రశ్నలు కొన్ని ఈ ప్రశ్నలకు దగ్గరివే. మన దగ్గర వాటిని అడిగినవాడు రోజూ అగ్నిహోత్రం చేయమనే శాస్త్రానికి ఆచార్యుడు.

ఉదయనుడు ముందుగా ఈ అనాదిలోకం మీదికే వెళతాడు. లోకానికి ప్రళయం ఉంటే వేదసంప్రదాయం మధ్యలో తెగుతుంది, అప్పుడు మళ్లీ చెప్పేవాడొకడు కావాలి. ప్రళయం ఉండదని మీమాంసకుడు నాలుగు ఆక్షేపణలు తెస్తాడు. ఒకటి, ప్రతి పగలూ రాత్రీ మరో పగలూ రాత్రీ గడిచాకే వస్తుంది కదా. రెండు, జీవులందరి కర్మలూ ఒకేసారి ఎలా ఆగిపోతాయి? మూడు, వర్ణం తల్లిదండ్రుల వర్ణం నుంచే వస్తుంది, మొదటివాళ్లు ఎలా పుడతారు? నాలుగు, మాటల అర్థం పెద్దల నుంచి పిల్లలు నేర్చుకుంటారు, పెద్దలే లేనిచోట భాష ఎలా మొదలవుతుంది? నాలుగింటికీ నాలుగు ఉపమానాలు, ఒక్కో పాదంలో ఒక్కోటి. వానాకాలపు మొదటి రోజుకు ముందు రోజు వానాకాలంలోది కాదు. గాఢనిద్రలో కర్మలు అణగి ఉంటాయి. తేలు తేలు నుంచీ పుడుతుంది, పేడ నుంచీ పుడుతుందని ఆనాటివారి నమ్మకం. ఇక భాష సంగతికి, కొయ్యబొమ్మలాట చూడమంటాడు. ఆడించేవాడు ఫలానాది తెమ్మంటాడు, దారాలతో తానే ఆడించే బొమ్మ తెస్తుంది. అది చూసిన పిల్లవాడికి మాటలు వచ్చేస్తాయి.

పేడలో తేలు పుట్టదని మనకిప్పుడు తెలుసు. వర్ణం గురించిన ఆ ప్రశ్నే మనకు పనికిరాదు. అయినా బొమ్మలాట ఉపమానం నిలుస్తుంది. చెప్పేవాడూ చేసేవాడూ ఒకడే అయినా, చూసేవాడికి నేర్పు నిజంగానే అందుతుంది. భాష పుట్టుక గురించి ఆ కాలంలో ఇంతకంటే చురుకైన ఊహ నేను చదవలేదు.

అదే గుత్తిలో ఇంకో చోట ఆగిపోతాను. సంప్రదాయం ఏదో ఒకనాటికి తెగుతుందనడానికి ఆయన చూపే ఆధారం, కళ్లెదుట జరుగుతున్న క్షీణత. ఒకప్పుడు వేదం వేయి శాఖలతో చదివేవారు, ఆపైన ఒక్క వేదం, ఇప్పుడు ఎక్కడో ఒక్క శాఖ. పుట్టుక, సంస్కారం, విద్య, శక్తి, అధ్యయనం అన్నీ తరుగుతున్నాయి. తరిగేది ఒకనాటికి ముగుస్తుంది. వాదంగా ఇందులో లోపముంది. తరిగేదంతా సున్నాకు చేరాలని లేదు. కానీ పాఠం చెప్పి బతికిన మనిషి దిగులు ఇక్కడ అనుమానప్రమాణం వేషంలో వచ్చింది. ఈ గ్రంథంలో ఉదయనుడు ఇంతగా బయటపడిన చోట్లు ఎక్కువ లేవు.

మూడో గుత్తి ఈ పుస్తకానికి గుండెకాయ. ఎందుకంటే అక్కడ విషయం దేవుడు ఒక్కడే కాదు. లేదు అని మనం ఎప్పుడు అనగలం అన్నదే అక్కడ ప్రశ్న. దేవుడు కనిపించడు కాబట్టి లేడని చార్వాకుడంటాడు. ఉదయనుడి జవాబు మాట తూచినట్టుంటుంది. నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? కుండ కనిపించగల వస్తువు. వెలుగుంది, కన్ను బాగుంది, అయినా కనబడలేదు. అప్పుడు లేదనవచ్చు. ఉంటే కనిపించవలసినది కనిపించకపోతేనే లేమి రుజువవుతుంది. స్వభావంచేతనే కంటికి అందనిదాని విషయంలో కనిపించకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. అయితే కుందేటి కొమ్మును కూడా కాదనలేవు అని ఎదుటివాడు ఎత్తిపొడుస్తాడు. కొమ్ము అన్నది కనిపించే జాతి వస్తువు, అందుకే కాదంటాం. కనిపించని కొమ్మొకటి కల్పించి తెస్తే దాన్ని కాదనే పని మాకు లేదు, ఉందని చూపించే పని నీది అని ఉదయనుడి జవాబుకు అంతరార్థం.

ఆ వెనకే అందరూ గుర్తుంచుకునే చోటు వస్తుంది. కనిపించనిదల్లా లేనిదే అయితే, పాపం చార్వాకుడు ఇల్లు దాటి బయటికి వచ్చాక మళ్లీ ఇంటికి వెళ్లకూడదు. పెళ్లాం పిల్లలు కనబడటం లేదు కాబట్టి వాళ్లు లేరని నిశ్చయించుకుని గుండెలు బాదుకుని ఏడవాలి. మిథిల పండితుల సభలో ఈ మాటకు నవ్వు వచ్చే ఉంటుంది. నవ్వు కింద ఉన్న తర్కం మాత్రం గట్టిది. ఇంకో అడుగు వేసి ఉదయనుడు ప్రత్యక్షప్రమాణాన్నే పట్టుకుంటాడు. చూసేది కంటితో. ఆ చూపుశక్తి, అంటే ఇంద్రియం, కంటికి కనబడదు. దాన్ని ఊహించి తెలుసుకోవలసిందే. కనిపించనిదల్లా లేకపోతే ఇంద్రియమూ లేదు. ఇంద్రియం లేకపోతే నీవు నమ్ముకున్న ప్రత్యక్షమే పోయింది.

సరే, లేడని అనను, సందేహిస్తాను అంటాడు చార్వాకుడు. పొగ ఉన్నచోట నిప్పుంటుందని ఇక్కడ చూశాం, మరో దేశంలో మరో కాలంలో అలా ఉండకపోవచ్చు కదా, అందుకే అనుమానప్రమాణాన్ని, అంటే గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడాన్ని, నమ్మను అంటాడు. దీనికి ఉదయనుడి సమాధానం ఒక శ్లోకమైంది, ఆ శ్లోకం భారతీయ తర్కంలో రెండు శతాబ్దాలకు మించి నలిగింది. సందేహం ఉందంటావా, అయితే అనుమానం ఉన్నట్టే. ఎందుకంటే మరో దేశం, మరో కాలం ఉన్నాయని నీవు తెలుసుకున్నది చూసి కాదు, అనుమానించే. సందేహం లేదంటావా, అప్పుడు అనుమానానికి అడ్డే లేదు. మరి సందేహం ఎక్కడ ఆగుతుంది? నీ నడతతో నీ సందేహం ఢీకొన్నచోట ఆగుతుంది.

తర్వాత జరిగింది ఇంకా ముచ్చటైనది. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఇదే శ్లోకాన్ని తీసుకుని, దానిలో కొద్దిపాటి మాటలు మార్చి, దాని నోటితోనే దానికి ఎదురు చెప్పించాడు. ఢీకొనడం అనేదొకటి ఉండాలంటే సందేహం ఉండే తీరాలి, అలాంటప్పుడు అది సందేహానికి హద్దు ఎలా అవుతుందని అడిగాడు. ఈ శ్రీహర్షుడే నైషధీయచరిత కవి. మన శ్రీనాథుడు శృంగారనైషధంగా తెలుగు చేసిన కావ్యం ఆయనదే. నలదమయంతుల కథలో అన్ని మతాల వాదాలు కలిపి వినిపించగల ఆ చేతికి ఈ పదును ఎక్కడినుంచి వచ్చిందో ఖండనం చదివితే తెలుస్తుంది. ఉదయనుడి చేతిలో శ్రీహర్షుడి తండ్రి ఓడిపోయాడని, కొడుకు ఆ బాకీ తీర్చాడని చెప్పుకుంటారు. అది లోకంలో తిరిగే కథ. తర్వాత మిథిలలోనే గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిలో శ్రీహర్షుడికి జవాబు రాశాడు. ఆకలి తీరాలని అన్నం తింటూ, ఎదుటివాడికి అర్థం కావాలని మాట్లాడుతూ, అన్నం ఆకలి తీరుస్తుందా, మాట అర్థమవుతుందా అని సందేహించలేవు, ఆ పని చేయడమే సందేహాన్ని తొలగిస్తోంది అన్నాడు. ఒక్క శ్లోకం చుట్టూ మూడు తరాల మేధావులు ఇలా పోట్లాడుకోవడానికి కారణం, అది అంత బిగువుగా ఉండటమే. వదులుగా ఉన్న మాటను ఎవరూ తిరగరాయరు, వదిలేస్తారు.

దేవుడు కర్త కాడు, శరీరం లేదు గనుక, ముక్తుడైన ఆత్మలాగా అనే ఎదురువాదాన్ని కూడా ఈ గుత్తిలోనే పట్టుకుంటాడు. నీవు దేవుడు అన్నావు. ఆ దేవుడు నీకు ఏ ప్రమాణంవల్ల తెలిశాడు? తెలిసే ఉంటే, తెలియజేసిన ఆ ప్రమాణమే ఆయన కర్త అని కూడా చెబుతోంది, నీ వాదం దానితోనే పోయింది. తెలియకపోతే నీ వాక్యానికి కర్తే లేడు, నీవు దేన్ని గురించి మాట్లాడుతున్నావు? చిక్కు బాగానే వేశాడు. కానీ ఇక్కడ నాకు ఎదుటివాడి మీద సానుభూతి ఉంది. మీరు చెప్పే దేవుడు అన్న షరతుతో ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదం, మీ మాట మీకే పొసగదని చూపిస్తుంది. దానికి దేవుణ్ణి ముందు ఒప్పుకోనవసరం లేదు.

నాలుగో గుత్తి చిన్నది, జ్ఞానానికి లక్షణమేమిటన్న చర్చ. అంతకుముందు తెలియనిదాన్ని తెలుసుకోవడమే సరైన జ్ఞానమని మీమాంసకులు చెబుతారు. దేవుడికి తెలియనిదే లేదు, కాబట్టి ఆయన జ్ఞానం జ్ఞానం కాకుండా పోతుంది. ఉదయనుడు ఆ లక్షణాన్నే తోసేస్తాడు. ఒక కుండను రెప్ప వేయకుండా చూస్తూ ఉంటే రెండో క్షణం చూపు జ్ఞానం కాదా? ఉన్నదాన్ని ఉన్నట్టు అనుభవించడమే జ్ఞానమంటాడు. వాదం శుభ్రంగా ఉంటుంది. ఎక్కువసేపు ఆగవలసిన పని లేదు.

ఐదో గుత్తిలోని మొదటి కారిక, పనితనం దృష్ట్యా, సంస్కృత శాస్త్రవాఙ్మయంలో నాకు తెలిసిన అత్యంత బిగువైన శ్లోకాల్లో ఒకటి. దేవుణ్ణి సాధించే హేతువులన్నీ దానిలో ఒక్కో పదంగా కూర్చున్నాయి. భూమి, మొలక మొదలైనవి పుట్టినవి గనుక, కుండలాగే, వాటికి చేసినవాడుండాలి. సృష్టి మొదట జడమైన పరమాణువులు కలవాలంటే కదిపినవాడుండాలి. పక్షి పట్టుకున్న పుల్ల ఆకాశంలో పడిపోనట్టు, ఈ బరువైన లోకం పడకుండా పట్టినవాడుండాలి. నేత, కుండచేత, రాత వంటి విద్యలు మొట్టమొదట నేర్పినవాడుండాలి. వేదానికి ప్రామాణ్యం ఇచ్చినవాడు, దాన్ని వాక్యాలుగా పలికినవాడు ఉండాలి. చివరిది సంఖ్య. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. దాని పరిమాణం పరమాణువుల పరిమాణం వల్ల రాదు, అవి రెండు కావడం వల్ల వస్తుందని వైశేషికుల లెక్క. రెండు అన్నది ఎవరో లెక్కపెడితేనే పుడుతుంది. సృష్టి మొదట మనుషులు లేరు. మరి ఆ మొదటి రెండును లెక్కపెట్టినదెవరు?

పట్టినవాడు ఉండాలన్న వాదానికి గురుత్వాకర్షణ తెలిశాక పని లేదు. సంఖ్యావాదం వైశేషికుల పరమాణుశాస్త్రంతో పాటే నిలుస్తుంది, దానితోనే పోతుంది. అయినా విశ్వం మొదట్లో ఎవరో ఒకరు కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టడం అనే ఊహ ముందు నేను తలవంచుతాను.

పనితనం ఇక్కడితో అయిపోలేదు. హేతువులన్నీ వివరించాక ఉదయనుడు అదే కారికను మళ్లీ చేతికి తీసుకుని, అవే పదాలకు రెండో అర్థాలు చెప్పి, వేదవాక్యాల మీదుగా ఇంకో వరస రుజువులు నడుపుతాడు. పుట్టిన వస్తువు అన్న మాట ఈసారి వేదతాత్పర్యమవుతుంది. పట్టి ఉంచడం, అర్థాన్ని మనసులో నిలుపుకోవడమవుతుంది. నమ్మకం అన్న మాట, చేయాలి అని చెప్పే క్రియాప్రత్యయమవుతుంది. సంఖ్య, వేదంలో నేను అని మాట్లాడే ఉత్తమపురుషమవుతుంది. ఒక్క శ్లోకం రెండుసార్లు పనిచేస్తుంది. శ్లేష కావ్యాల్లో అలంకారం. ఇక్కడ శ్లేష బరువు మోస్తోంది.

అసలు పోరంతా మొదటి హేతువు మీద, కుండ మీద. బౌద్ధుల్లో పెద్దవాడైన ధర్మకీర్తి చాలా ముందే దీనికి చీమలపుట్టను అడ్డుపెట్టాడు. మట్టితో చేసిన కుండను కుమ్మరి చేశాడు కాబట్టి, పుట్ట కూడా మట్టిదే గనుక దాన్నీ కుమ్మరే చేశాడందామా? పోలిక ఉన్నంతమాత్రాన కర్త ఒకే తీరువాడు కాడు. ఉదయనుడి కాలానికి దగ్గరివాడైన రత్నకీర్తి ఈశ్వరసాధనదూషణంలో వ్యాప్తినే, అంటే పుట్టినదానికల్లా చేసినవాడుంటాడన్న నియమాన్నే, పట్టుకుని వాదించాడు. చేసినవాడున్నాడని మనకు తెలిసిన వస్తువులన్నీ శరీరం ఉన్నవాడు చేసినవే. అడవిలో ఎవరూ నాటని గడ్డి మొలుస్తోంది, దానికి చేసినవాడెక్కడ? ఉదయనుడి పక్షంవారైన నైయాయికుల జవాబు గడుసుది: ఆ గడ్డిని ఎవరు చేశారన్నదే ఇప్పుడు వాదం, వాదంలో ఉన్న వస్తువును వాదానికి ఎదురు సాక్ష్యంగా తేకూడదు. న్యాయస్థానంలో చెల్లే మాటే ఇది. కానీ అడవంతా, కొండలన్నీ, సముద్రాలన్నీ వాదంలోనే ఉన్నప్పుడు సాక్ష్యం చెప్పడానికి మిగిలినవి కుండలూ బట్టలే.

రెండో కారికలో ఉదయనుడు హేతువుకు తగిలే నాలుగు ఆరోపణలకు నాలుగు పాదాల్లో జవాబిచ్చాడు. ఇంకో ప్రమాణం దీన్ని కొట్టివేసే బాధ లేదు, ఎందుకంటే ఆ బాధించే వాదం ఈ వాదాన్ని ఆధారం చేసుకుని బతుకుతోంది. ఎదురు హేతువులు బలహీనమైనవి. విరోధం లేదు. హేతువే నిలవదన్న అసిద్ధి ఆరోపణకు ఆధారం లేదు. శరీరం కర్తృత్వానికి అవసరం కాదు, తెలుసుకోవడం, కోరుకోవడం, ప్రయత్నించడం చాలునన్నది ఆ వెనక ఉన్న ఆలోచన. దుఃఖం గురించి కుమారిలుడి ప్రశ్నకు మొదటి గుత్తిలో స్థాపించిన అదృష్టం ఇక్కడ జవాబవుతుంది. జీవులు అనాది, వారి కర్మలూ అనాది. ఈశ్వరుడు ఆ కర్మలను అనుసరించి సృష్టిస్తాడు. అదృష్టం జడం గనుక దాన్ని నడిపే చేతనుడు కావాలి. ఇందుకే ఆయన కర్మతో మొదలుపెట్టాడు. మొదటి గుత్తి ఐదో గుత్తికి పునాది.

ఇంగ్లండులో విలియం పేలీ 1802లో గడియారం ఉపమానంతో చెప్పిన వాదానికీ దీనికీ తేడా చూడాలి. పేలీ లోకపు అమరికను, అందాన్ని, జీవుల అవయవాల పొందికను చూపాడు. డార్విన్ 1859లో ఆ పొందికకు వేరే దారి చూపించాడు. ఉదయనుడు పొందికను చూపలేదు. అందంగా ఉంది కాబట్టి అనలేదు, పుట్టింది కాబట్టి అన్నాడు, అంతే. జీవపరిణామం ఈ వాదాన్ని పేలీని తాకినట్టు తాకదు. దీన్ని తాకేవి ధర్మకీర్తి, రత్నకీర్తి ప్రశ్నలే. చేసినవాడు ఒక్కడే అని, అన్నీ తెలిసినవాడని చెప్పడానికి నైయాయికులు లాఘవాన్ని పట్టుకున్నారు, అనేకుల్ని ఊహించడం కన్నా ఒకణ్ణి ఊహించడం తేలిక అని. నా మట్టుకు నాకు కుండ నుంచి సర్వజ్ఞుడిదాకా ఉన్న దూరం ఆ లాఘవంతో దాటినట్టు అనిపించదు. రుజువు పూర్తి కాలేదనే నా తీర్పు. కానీ అది ఎక్కడ పూర్తి కాలేదో అంత స్పష్టంగా కనబడటానికి కారణం కూడా ఉదయనుడే. అతుకులు దాచలేదు.

మన ప్రాంతంతో ఈ వాదానికి గట్టి సంబంధమే ఉంది. తెలుగువాడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ కుండ వాదాన్ని ఒక్క వాక్యంలో పెట్టాడు. భూమి, మొలక మొదలైనవి కర్త వల్ల పుట్టినవి, కార్యాలు గనుక, కుండలాగా అని. దేశమంతటా తర్కం మొదలుపెట్టే విద్యార్థి ఈ పుస్తకంతోనే మొదలుపెడతాడు. ఆ ఒక్క వాక్యం వెనక ఉదయనుడి ఐదు గుత్తులూ ఉన్నాయని చాలామందికి తర్వాతెప్పుడో తెలుస్తుంది.

చివరి శ్లోకాల గురించి చెప్పకపోతే ఈ పరిచయం అసంపూర్ణం. వేదమనే నీటితో, యుక్తి అనే నీటితో ఇన్నిసార్లు కడిగినా ఎవరి మనసులో నీకు చోటు దొరకదో వాళ్ల గుండెలు ఇనుములాంటివి అంటాడు దేవుడితో. అక్కడ ఆగిపోతే మామూలు పండితుడే. వెంటనే అంటాడు: అయినా వాళ్లు నిన్ను కాదంటూనే నిన్ను ఎంత తీవ్రంగా తలుచుకుంటున్నారో చూడు, దయామయుడా, సమయం వచ్చినప్పుడు వాళ్లనూ నీవే కాపాడాలి. ఆ తర్వాత తన సంగతి: నా మనసు ఎప్పటినుంచో నీలో మునిగే ఉంది, అయినా ఇంకా తనివి తీరలేదు. ఇంత తర్కం చేసినవాడు, తనకూ ఇంకా చాలలేదని ఒప్పుకుంటున్నాడు. ఈ పూలు కుడిచేతివారికీ ఎడమచేతివారికీ, అంటే అనుకూలురకూ ప్రతికూలురకూ, పరిమళం అంటిస్తే మంచిదే, అంటించకపోయినా పోయేదేముంది, ఆయన పాదపీఠం మీద పెట్టాను, అది చాలు అని ముగిస్తాడు. నాస్తికుడి కోసం ప్రార్థనతో ముగిసే ఆస్తిక తర్కగ్రంథం నాకు ఇంకొకటి తెలియదు.

ప్రత్యర్థిని ఇంత శ్రద్ధగా పట్టించుకోవడం వల్ల ఒక చారిత్రక మేలు కూడా జరిగింది. రత్నకీర్తి, ఆయన గురువు జ్ఞానశ్రీమిత్రుడు రాసిన గ్రంథాలు ఈ దేశంలో కనుమరుగయ్యాయి. కొన్ని శతాబ్దాలపాటు ఆ బౌద్ధ తార్కికుల మాట మనవాళ్లకు వినిపించింది చాలావరకు వాళ్లను ఖండించిన ఉదయనుడి వంటివారి పుటల నుంచే. 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాల్లో ఆ తాళపత్రాలు చూసి వాటి నకళ్లు తెచ్చాకే అసలు గ్రంథాలు మళ్లీ వెలుగు చూశాయి. రత్నకీర్తి నిబంధాలను అనంతలాల్ ఠాకూర్ 1957లో పట్నాలో అచ్చు వేయించారు. అప్పుడు రెండు పక్షాలనూ పక్కపక్కన పెట్టి చదివే వీలు కలిగింది.

చదవాలనుకునేవారికి నా సలహా ఇది. ముందు తర్కసంగ్రహం దీపికతో సహా చదవండి, మాటలు అలవాటవుతాయి. కుసుమాంజలిలో మొదటి పుటలు చూసి నేరుగా మూడో గుత్తికి వెళ్లండి. కారికలు మాత్రమే చదివి సరిపెట్టుకోకండి, చార్వాకుడూ కొయ్యబొమ్మా గద్యంలోనే ఉన్నారు. హరిదాస భట్టాచార్యుడి వ్యాఖ్యతో 1864లో కలకత్తాలో కావెల్ వేసిన ముద్రణ కారికలకే పరిమితం. గద్యానికి గంగేశుడి కొడుకు వర్ధమానుడి వ్యాఖ్యో, వరదరాజుడి బోధని అనే వ్యాఖ్యో తోడుంచుకోవాలి. ఐదో గుత్తికి వచ్చేముందు శ్లోకవార్తికంలో సృష్టిని ఖండించిన భాగం, రత్నకీర్తి దూషణం తప్పక చదవండి. వాళ్ల బలం తెలియకుండా ఉదయనుడి బలం తెలియదు.